మచ్చలేని వంకాయలు

మనుషులంటే విమలకు చిన్నచూపు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, వంకాయలు అమ్మీ అమ్మీ అబ్బింది. ములుగు దిక్కున అడవి పల్లెలో పుట్టి పెరిగినన్నాళ్లూ ఆమె కూడా అందరు ఆడపిల్లల్లాగే పెద్దవాళ్లు కనబడితే లేచి నిలబడేది, ప్రసంగం అర్థం కాకపోయినా తల ఊపేది. యోసేపును చేసుకుని వరంగల్ పక్కనున్న ఈ ఊరికి వచ్చి, కౌలు చెలకలో కూరగాయలు పండించి, గంప ముందర పెట్టుకుని హన్మకొండ బజారులో కూర్చున్నాక గానీ లోకం సంగతి తెలిసిరాలేదు. తెలిశాక మళ్లీ ఎవరినీ నెత్తిన పెట్టుకోలేదు.

ఆ మొదటి ఏడు ఆమె వంగ చెట్లకు పొయ్యిలో బూడిద తప్ప ఏమీ చల్లలేదు. కాయలు బాగానే కాశాయి. కాకపోతే కొన్నింటికి పురుగు తొలిచిన చిన్న బొక్కలు. ఇస్త్రీ చీర కట్టుకున్న ఒక మేడం గంప ముందు వంగి, ఒక్కో కాయనూ పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూసి, బొక్క కనబడగానే చచ్చిన ఎలుకను ముట్టుకున్నట్టు కింద పడేసింది.

"ఏంటమ్మా ఈ పుచ్చులు? ఎవరు కొంటారు వీటిని?" అంది.

"మందు కొట్టలేదమ్మా, గందుకే గా బొక్క. గంత ముక్క కోసి పారేస్తే మిగిలిందంత మంచిగనే ఉంటది," అంది విమల.

"మందు కొట్టనివే కావాలి. మా పిల్లలకు ఆ మందులు అస్సలు పడవు. కానీ పుచ్చు లేనివి ఇవ్వు."

విమల ఆమె ముఖంలోకి చూసింది, వేళాకోళం చేస్తోందేమోనని. లేదు, నిజంగానే అడుగుతోంది. పురుగు తినని కాయ కావాలట, మందు తాగని కాయ కావాలట, రెండూ ఒక్క కాయలోనే కావాలట! పురుగు చేత ఉపవాసం ఎవరు చేయించాలో మాత్రం ఆ మహాతల్లి చెప్పలేదు. చెప్పకుండానే పక్క గంప దగ్గరికి పోయి, నిగనిగలాడే కాయలు ఏరుకుని, కొంచెం కొసరు కూడా వేయించుకుని పోయింది. ఆ పక్క గంపవాడు ముందు రోజు పొద్దుగూకేటప్పుడే మందు కొట్టాడని విమలకు తెలుసు. ఇద్దరూ ఒక్క ఆటోలోనే వచ్చారు.

ఆ రోజు గంప గంపంతా తిరిగి ఇంటికొచ్చింది. ఎడ్లు తిన్నాయి. ఆ వారమే యోసేపు మందుల షాపుకు పోయాడు.

ఆ షాపువాడిని తలుచుకుంటే విమలకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెలకలో కాలు పెట్టిన మొహం కాదు వాడిది. ఏ పురుగని చెప్పినా మూడు సీసాలు తీసి బల్ల మీద పెడతాడు. మూడూ కలిపి కొట్టమంటాడు. "పొద్దుమీకి కొట్టు, తెల్లారి తెంపు, కాయ అద్దం లెక్క మెరుస్తది," అంటాడు. కొట్టిన తరువాత ఎన్నాళ్లు ఆగి తెంపాలో సీసా మీద సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది. అవి చదవాలంటే కళ్లద్దాలు కావాలి. వాడికి అద్దాలున్నాయి, బిల్లు రాసేటప్పుడు పెట్టుకుంటాడు.

ఇక యోసేపు సంగతి. యోసేపు మంచివాడు. విమల లెక్కలో అతనికున్న పెద్ద జబ్బు అదే. ఎవరు ఏది చెప్తే అది నిజమనుకుంటాడు. షాపువాడు చెప్తే మూడు మందులు కలుపుతాడు, పాస్టరు గారు చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడదంటాడు. పంపు వీపున వేసుకుని, కీర్తన పాడుకుంటూ, సాలు వెంట సాలు తడుపుకుంటూ పోతాడు. ఇంటికొచ్చి కళ్లు తిరుగుతున్నాయని గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఏమైందని అడిగితే ఎండదెబ్బ అంటాడు. పొద్దుగూకిన తరువాత ఏ ఎండ వచ్చి దెబ్బ కొట్టిందో విమలకు అంతుపట్టేది కాదు.

అయితే ఆ మందు వాళ్ల కంచంలోకి రాదు. ఊళ్లో కూరగాయలు వేసే ప్రతి ఇంటికీ ఒక ఇంటి సాలు ఉంటుంది. బావి పక్కనో, గెట్టు వారనో ఒకటి రెండు సాళ్లు వదిలేస్తారు. ఆ సాళ్ల మీద పంపు తిరగదు. పురుగు తినగా మిగిలింది ఇంటికి, పురుగును చంపగా మిగిలింది బజారుకు. దీని గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, కానీ పొద్దున్నే ఏ వాకిట్లో చూసినా కుప్పలు వేరు వేరుగా ఉంటాయి. యోసేపు మందు మొదలుపెట్టిన ఏడు, అప్పటికింకా బతికున్న విమల మామ కోడలికి నేర్పిన పని ఆ కుప్పలు కలవకుండా చూడటమే.

తప్పు కదా అని విమలకు ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? బొక్క ఉన్న కాయను పడేసింది వాళ్లు, మెరిసే కాయను ఏరుకున్నది వాళ్లు. కళ్లుండీ చూసుకోని వాళ్ల మీద జాలి పడితే గంప ఖాళీ కాదు. కొసరు కోసం పేచీ పెట్టే మేడాలను చూసి లోపల్లోపల నవ్వుకునేది, ఇంకో రెండు కాయలు వేసి పంపేది.

ఊళ్లోని చర్చి చిన్నది. కొన్ని పదుల ఇండ్ల సంఘం, దాదాపు అందరూ రెక్కలాడితే గానీ డొక్కాడని వాళ్లు. ఏటా చలికాలంలో కోతల పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టాలి. వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఏది ఉంటే అది. ఆ వారం పాస్టరు గారి ప్రసంగం కూడా ఏటా ఒకటే. దేవునికి కుంటిదీ గుడ్డిదీ అర్పించవద్దు, మచ్చ లేనిదే తేవాలి. ఆ మాట వినగానే యోసేపు కళ్లు చెమ్మగిల్లేవి. ఇంటికొచ్చి, పండుగకు ముందు ఇంకొక్క తడవ మందు కొట్టేవాడు.

కొత్తలో ఒకసారి విమల అడిగింది.

"దేవునికి పెట్టేటివి ఇంటి సాలుల తెంపద్దా?"

"పుచ్చులు పెడతమానే దేవునికి? సంఘం ముందల ఇజ్జత్ పోదా?"

"మందు కొట్టినయి పెట్టచ్చా మరి?"

"దేవుడు తింటాడానే?"

"తినేటోళ్లు ఎవరు మరి?"

యోసేపు బావి వైపు నడిచాడు. జవాబు లేని మాట అడిగితే అతను మోటారు వేసొస్తానని లేచి పోతాడు. ఆ మోటారు ఎన్నిసార్లు ఉత్తగా తిరిగిందో బావికే తెలియాలి.

తినేవాళ్లు ఎవరో ఊరికంతటికీ తెలిసిందే. అర్పించినవన్నీ ఆరాధన అయ్యాక హర్రాజు వేసి, ఎక్కువ పాడినవాళ్లకు ఇస్తారు. యోసేపు వంకాయల బుట్టను ఏటా పాడేది శామ్యూల్ సారే. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. ఆరోగ్యం విషయంలో ఆయన్ను మించినవాడు లేడు. ఎక్కడికి పోయినా ఇంట్లో ఫిల్టరు పట్టిన నీళ్ల సీసా చంకలో ఉండాల్సిందే, చర్చికి కూడా. బోరు నీళ్లు తాగే వాళ్లను చూస్తే ఆపి మరీ చీవాట్లు పెడతాడు. అటువంటి మనిషి వంకాయ దగ్గరికొచ్చేసరికి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, తన మొహం అందులో కనబడితే అది మంచి కాయ అంటాడు. నీళ్లలో విషానికి ఆయన దగ్గర మిషను ఉంది, కూరలో విషానికి ఆయన కళ్లే చాలునట. ఆ సీసాను చూసినప్పుడల్లా విమలకు నవ్వాగేది కాదు.

పాడినవాడు ఆ బుట్టను ఇంటికి తీసుకుపోడు. సంఘంలో దీవెన కావాల్సిన ఇల్లు ఏదైనా చూసి, వాళ్ల చేతిలో పెడతాడు. వాళ్లు ఆ మధ్యాహ్నమే వండాలి, పాస్టరు గారూ పెద్దలూ వచ్చి ఆ ఇంట్లో తినాలి, దీవెన ఎవరికో వాళ్లు మొదటి ముద్ద తినాలి. ఇంకొక ముచ్చట కూడా ఉంది. ప్రార్థన చేసిన కాయను కడగకూడదు. కడిగితే ప్రార్థన నీళ్లలో పోతుందట! ఈ నియమం ఏ వాక్యంలో ఉందో పాస్టరు గారికీ తెలియదు. ముసలమ్మలు పెట్టారు, ఆయన ఊరుకున్నాడు. ముసలమ్మలతో పెట్టుకున్న పాస్టర్లు ఈ ఊళ్లో నిలవలేదు మరి. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఆ బుట్టను కడగకుండా వండి, కళ్లు మూసుకుని తినేవాళ్లు. విమల కూడా పిలిస్తే పోయేది, పప్పుతో తిని వచ్చేది.

ఇదంతా ఆమెకు తమాషాగానే ఉండేది, కూతురు దివ్య మొదటి కడుపు పోయేదాకా.

దివ్య ఒక్కతే కూతురు. వరంగల్‌లో ప్రైవేటు బడిలో టీచరు. అల్లుడు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. పెళ్లయిన ఏడాదికి కడుపు వచ్చింది, నిలవలేదు. ఒక్కోసారి అట్లా జరుగుతుంది, ఇదీ కారణం అని చెప్పలేమంది డాక్టరమ్మ. విమల ఆ డాక్టరమ్మను కూడా తన చిన్నచూపు జాబితాలో వేసుకుంది. కూతురింటికి పోయి ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. లోపల వంకాయలు మెరుస్తున్నాయి. పట్నం కూరల్లో ఏముంటుందో తనకంటే బాగా ఎవరికి తెలుసు? బజారుకు మోసింది తనే. ఒక కాయ చేతిలోకి తీసుకుంది. తన గంపలోంచి ఏరుకునే మనిషి మొహం మొట్టమొదటిసారి ఆమెకు కనబడింది, ఆ మొహం తన బిడ్డది.

అంత జరిగినా బజారు మేడాల మీద ఆమెకు జాలి పుట్టలేదు. తన బిడ్డ సంగతి తను చూసుకుంటుంది, మిగతా లోకం దాని తిప్పలు అది పడుతుంది, అంతే. మళ్లీ కడుపని కబురు రాగానే పట్నం పోయి దివ్య బట్టలు సర్దింది. అల్లుడు నసిగాడు.

"ఇక్కడైతే దవాఖాన దగ్గర ఉంటది గద అత్తమ్మా."

"దవాఖానకు బస్సుల తీస్కపోత. నా బిడ్డ ఈ బజారు కూర ఇగ ముట్టది. నా సాలుల కాసిందే తింటది."

అల్లుడి మొహం చిన్నబోయింది. బజారు కూరకు వంక పెట్టే హక్కు అత్తకు ఎక్కడిదో అడగాలని అతనికి తోచలేదు. తోచి ఉంటే విమలకు ఆ ఒక్కడి మీదైనా కాస్త గౌరవం కలిగేదేమో.

అప్పటి నుంచి దివ్య తల్లిదగ్గరే ఉంది. పూటపూటా ఇంటి సాలు కూరే. వంకాయంటే దివ్యకు ప్రాణం, అందులోనూ గుత్తి వంకాయ. ఆ ఏడు ఇంటి సాలు కాసినట్టు ఎన్నడూ కాయలేదు. ఎన్నేళ్లుగానో బొక్కలు చూసి చూసి అలవాటైన విమలకు, కోసిన కాయ కోసినట్టు తెల్లగా, శుభ్రంగా కనబడుతుంటే సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అదంతా తను చల్లిన బూడిద మహిమే అనుకుంది. నల్లా దగ్గర బిందె పెట్టి, వినేవాళ్లకూ విననివాళ్లకూ అదే చెప్పింది.

"చూసినవా బిడ్డా, మందు చుక్క పడలే, ఒక్క బొక్క లేదు," అనేది దివ్య కంచంలో వడ్డిస్తూ. "మీ బాపుకు ఎన్నేండ్ల సంది చెప్తాన. ఇంటేనా."

యోసేపు ముద్ద మింగి, మోటారు వేసొస్తానని లేచిపోయేవాడు.

ఏడో నెలలో కోతల పండుగ వచ్చింది. ఎప్పటిలాగే యోసేపు బుట్ట నింపాడు. ఎప్పటిలాగే ముందు రోజు మందు కొట్టాడు, తెల్లారి తెంపాడు, ఒక్కో కాయనూ మెత్తటి గుడ్డతో తుడిచాడు. హర్రాజు మొదలైంది. శామ్యూల్ సారు పాట మీద పాట పెంచి, బుట్ట దక్కించుకుని, సీసా చంకలో సర్దుకుంటూ లేచి నిలబడ్డాడు. సంఘమంతా చుట్టూ కలయజూశాడు. ఆయన చూపు ఆడవాళ్ల వరసలో దివ్య మీద ఆగింది.

"మన యోసేపు బిడ్డ. ఒక బాధ చూసిన పిల్ల. ఈ ఏడు దీవెన ఆమెది," అన్నాడు.

విమల బుట్ట వైపు చూసింది. దివ్య మెల్లగా లేచి ముందుకు పోయింది. పాస్టరు గారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, వంకాయల మీద ఇంకో చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కడుపులో బిడ్డను కాపాడమని వేడుకున్నారు. విమల మగవాళ్ల వరసలో ఉన్న మొగుడి వైపు చూసింది. యోసేపు కళ్లు మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

అప్పుడే లేచి చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుందో విమలకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ బుట్టలోంచి తిన్నవాళ్లంతా అక్కడే కూర్చుని ఉన్నారు. పైగా చెప్పాల్సిన అవసరం ఏముంది? ఇంట్లో గంపెడు ఇంటి సాలు కాయలున్నాయి. బుట్ట మంచం కిందికి తోస్తే సరి, ఈ గొర్రెల మందకు ఏ కాయ ఏదో ఏం తెలుస్తుంది! గంపలూ కుప్పలూ మార్చడం ఆమెకు కొత్త కాదు. మనసు కుదుటపడింది. ఇంటికి నడుస్తుంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మధ్యాహ్నానికి వాకిట్లో చాపలు పరిచారు. పాస్టరు గారూ, శామ్యూల్ సారూ, ఇంకొందరు పెద్దలూ కూర్చున్నారు. వంటింట్లో విమలకు సాయంగా పక్కింటి భవాని వచ్చింది. ఆమె పల్లీలూ నువ్వులూ వేయించి మసాలా నూరే పనిలో ఉండగా విమల దీవెన బుట్టను మంచం కిందికి నెట్టేసి, ఇంటి గంపను ముందుకు లాక్కుంది.

"కడగకు విమలక్కా," అని గుర్తు చేసింది భవాని వెనక్కి తిరక్కుండానే.

"నాకు తెల్వదా," అంది విమల, నవ్వు ఆపుకుంటూ.

కాయ తరువాత కాయ తీసి, తొడిమె వదలకుండా నాలుగు చీలికలుగా కోసి, ఉప్పు రాసి పళ్లెంలో పెడుతోంది. తెల్లటి కండ. ఇంకోటి. తెల్లటి కండ. మొదట సంతోషం వేసింది, మార్చిన సంగతి ఎవరికీ తెలియదని. గంప సగమయ్యేసరికి కత్తి నెమ్మదించింది. పక్క చెలకల్లో ఆ ఏడు పురుగు విరగబడి ఉంది. మందు మీద మందు కొట్టినా ఆగడం లేదని బజారుకు పోయే ఆటోలో రోజూ ఏడుపే. అంత పురుగూ ఈ ఒక్క సాలు దగ్గరికొచ్చి, విమల పొయ్యిలో బూడిదను చూసి భయపడి వెనక్కి పోయిందా? బూడిద చల్లిన ప్రతి ఏడూ బొక్కలు పడ్డాయి గదా. ఇన్నాళ్లూ ఈ మాట తనకెందుకు తోచలేదు? ఒక కాయ తొడిమెను గోటితో లేపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. యోసేపు అంగీలు ఉతికేటప్పుడు వచ్చే వాసన.

కత్తి కింద పెట్టి లేచింది. "జర ఇవి పొయ్యి మీద పెట్టకు, నేనొస్తాన," అని భవానితో అని, పెరట్లోకి పోయి, వాకిట్లో పెద్దలకు నీళ్ల చెంబులు అందిస్తున్న మొగుణ్ని సైగ చేసి పిలిచింది. పొయ్యి దగ్గర చప్పుడులో భవానికి ఆ పెట్టవద్దన్న మాట వినబడలేదు.

"ఇంటి సాలుకు మందు కొట్టినవా?"

యోసేపు ఆమె వైపు చూసి, బావి వైపు చూశాడు.

"మోటారు దిక్కు చూడకు. నన్ను చూడు. కొట్టినవా?"

"కొట్టిన."

"ఎప్పటి సంది?"

"బిడ్డ వస్తాందన్న కాడికెల్లి."

"ఎందుకు కొట్టినవయ్యా?"

"ఎందుకేందే. పట్నంల ఉండే పిల్ల. అల్లుడు వస్తాండు, పోతాండు. ముందట పుచ్చులు పెడితే ఏమనుకుంటరు?" యోసేపు చేతిలోని చెంబు కింద పెట్టాడు. "దేవునికి మచ్చ లేనిది పెడ్తన్న. నా బిడ్డకు పుచ్చులు పెట్టాల్నానే?"

విమలకు అరవాలనిపించింది. అతని మొహంలో వెతికినా దొంగతనం లేదు. ప్రేమే ఉంది. ఈ మనిషి ఊరికి పెట్టింది ఊరికి పెట్టి, దేవునికి పెట్టింది దేవునికి పెట్టి, అన్నిటికంటే మంచిదనుకున్నది తెచ్చి కడుపుతో ఉన్న కూతురి కంచంలో పెట్టాడు. వండి వడ్డించింది ఎవరు మరి? ఛీ, అనుకుంది. అతన్ని అన్నదో తనను అన్నదో ఆమెకే తెలియలేదు.

పెరటి గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. తిరిగి లోపలికి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె లేదు. ఆకలి మీద ఉన్న పెద్దలు రెండుసార్లు కేకేశారని భవాని కోసిన కాయలతోనే కూర వండేసి వాకిట్లోకి పంపేసింది. విమల గడప దాటింది. విస్తళ్లలో అన్నం, దాని మీద నూనె తేలుతూ గుత్తి వంకాయ. మొదటి ముద్ద దివ్యది కాబట్టి అందరూ ఆ పిల్ల వైపే చూస్తున్నారు. దివ్య అన్నం కలిపి ముద్ద ఎత్తింది.

విమల పోయి ఆ చెయ్యి పట్టుకుంది. ముద్ద విదిలించి, విస్తరి లాగి పక్కన పెట్టింది.

"ఎవరు తినకుండ్రి. దీంట్ల మందున్నది."

పాస్టరు గారి చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏం మందమ్మా?" అన్నాడు శామ్యూల్ సారు.

"పురుగుల మందు సారూ. నిన్న మాపున కొట్టింది. దేవుని బుట్టల గూడ గదే."

"అంటే..." ఆయన విస్తరిని కొంచెం దూరం జరిపాడు. "ఇన్నేండ్ల సంది మేం తిన్నయి?"

"గవే సారూ. పొద్దుగాల వెల్తురుకు పట్టి, మెరుస్తాందని మీరే మురిసిండ్రు."

పాస్టరు గారు యోసేపు వైపు తిరిగారు. "దేవునికి తెచ్చేదాంట్లో కూడానా యోసేపూ?"

"మచ్చ లేనిది తెమ్మంటిరి అయ్యగారూ," అన్నాడు యోసేపు నెమ్మదిగా. "మందు కొట్టకపోతే మచ్చ పడ్తది."

పాస్టరు గారు ఏమంటారు పాపం, ఆయన పెరట్లో బెండకాయలకు కూడా ఒక పంపు తిరుగుతుంది. మిగతా పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి చెలకలో వాళ్లకు ఒక ఇంటి సాలు ఉన్నవాళ్లే అందరూ. ఇంత అన్యాయమా అని ఒక్కడంటే ఒక్కడు నోరు తెరవలేదు, తెరిస్తే తన సాలు సంగతి బయట పడుతుంది. శామ్యూల్ సారు సీసా మూత తీసి, తినని నోటిని రెండుసార్లు పుక్కిలించి, గోడవార ఉమ్మి, చెప్పులు వేసుకున్నాడు. ఆయన లేవగానే మిగతావాళ్లూ లేచారు. దీవెన ఇచ్చినవాళ్లలో ఒక్కడు కూడా ఆ పిల్ల వైపు తిరిగి చూడలేదు. ఇన్నేళ్లుగా విమల వాళ్లను తక్కువగా లెక్కగట్టింది. ఆ లెక్క తప్పేమీ కాదు.

వాకిట్లో ఇంటివాళ్లు ముగ్గురే మిగిలారు. భవాని గుమ్మంలో నిలబడి పోవాలో ఉండాలో తెలియక కొంగు నలుపుకుంటోంది. దివ్య ఇంకా చాప మీదే కూర్చుని ఉంది. కూర అంటిన చేతిని ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది.

"అమ్మా, మంచం కింద పెట్టిన బుట్ట చూసిన," అంది. "నువ్వు ఇంటి సాలుయి వండినవ్ గద. వాటికి గూడ కొట్టిండ్రా?"

"మీ బాపు కొట్టిండు."

"ఎప్పటి సంది?"

విమలే చెప్పింది. "నువ్వొచ్చిన కాడికెల్లి."

దివ్య రెండో చేతి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. తిన్న పూటలన్నీ ఆ పిల్ల కళ్లల్లో కదిలాయి.

"రోజు కోసేది నువ్వే గదమ్మా. నీకు తెల్వలేదా?"

విమల కూతురి ముందు కూలబడి, ఆ చేతిని తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"కాయ మంచిగున్నదని మురిసిన బిడ్డా," అంది. "మెరుస్తాందని మురిసిన."